వంగిన ఊచ దారి

ఫిబ్రవరి 4

పిన్నీ,

ఫోన్ పెట్టేశావు. పెట్టేసి మెసేజ్ ఒకటి పంపావు: "ఫోన్లో నువ్వు అరుస్తావు, నేను వినను. కాగితం మీద రాయి. తిట్టాలన్నా కాగితం మీద అయితే ఒక్కసారి ఆలోచిస్తావు." సరే. ఇదిగో కాగితం. ఆలోచించే తిడుతున్నాను.

మొన్న మా పేట మలుపులో గుడారం వేశారు. లోపల రెండు కుర్చీలు, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, మెళ్ళో కార్డులు, చేతుల్లో పలకలంత ఫోన్లు. "అక్కా, పాత గూడ్సు పట్టాల చోట నడకదారి వస్తోంది. చెట్లు, బెంచీలు కూడా. మీరు రోజూ ఏ దారిన నడుస్తారో ఈ మ్యాపు మీద వేలితో గీయండి" అంది ఒకతె. తెర పైన పేరు చూశాను. 'దారి గీయండి'. అది నువ్వు చేసిన పేజీయే కదా? మీ ఊరు కూడా నా పేజీ తీసుకుందని అమ్మతో మురిసిపోయావట.

పిన్నీ, ఇన్నేళ్ళలో మా పేటను ఎవరు ఏం అడిగారు? మురుక్కాలవ ఎటు తవ్వాలో అడిగారా? వీధి దీపం తెచ్చి దర్జీ ఇంటి గోడ వెనకాల పాతారు. అది ఇప్పటికీ గోడకే వెలుగిస్తోంది. అప్పుడు నోరెత్తి అడగనివాళ్ళకి ఇప్పుడు నేను ఎటు నడుస్తానో కావలసి వచ్చిందా?

ఎందుకో నాకు తెలుసు. పట్టాల పక్కన కంచెలో ఒక ఊచ విల్లులా వంగి ఉంటుంది. నువ్వోసారి చీర చింపుకున్న చోటు. తల వంచి, భుజం పక్కకి తిప్పి దూరితే అవతల తేలతాం. ఆ పట్టాల మీద రైలు నడవడం నేను పుట్టకముందే ఆగిపోయింది. ఇటు మా పేట, అటు ఆసుపత్రి, మార్కెట్టు, బడి. పేటంతా దూరేది అందులోంచే. పక్కనే బోర్డు: 'లోనికి ప్రవేశించువారికి జరిమానా విధించబడును'. బోర్డంతా తుప్పు పట్టింది గానీ జరిమానా అన్న మాటకి మాత్రం తుప్పు పట్టలేదు. పోయినేడు కాపలావాడొకడు పాలాయన్ని పట్టుకుని కట్టించుకున్నాడు కూడా. ఇప్పుడు మా వేళ్ళతోనే మేం నేరం ఒప్పుకుంటూ గీతలు గీసివ్వాలా?

అమ్మ మోకాలు సంగతి నీకు తెలుసు. పొద్దస్తమానం ఆసుపత్రి లాండ్రీలో నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి. ఊచలోంచి వెళ్తే గ్లాసులో టీ చల్లారేలోపు పనిలో ఉంటుంది. వంతెన ఎక్కి, దిగి, పెద్ద రోడ్డు చుట్టి వెళ్ళాలంటే మెట్ల దగ్గరే కూలబడుతుంది. ఆ ఊచ మూశారంటే అమ్మ ఉద్యోగానికి తాళం వేసినట్టే. అందుకే అడుగుతున్నాను. నీ పేజీ ఎవరి పక్షం? ఆ గీతలతో ఏం చేస్తారు?

మా వెల్డింగు షాపులో ఇనుము అరగదీసే కొత్త గ్రైండర్ వచ్చింది. మేస్త్రి నన్ను ముట్టుకోనివ్వడం లేదు. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ముట్టుకుంటున్నాను. వెల్డింగూ అలాగే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆయన కన్నా నా అతుకే సాఫుగా ఉంటుంది. ఆ మాట ఆయనతోనే అన్నాను. అందుకే గ్రైండర్ ఇవ్వడం లేదు.

మండుతూ,
నీ అక్క కూతురు

*

ఫిబ్రవరి 12

నిప్పుకోడీ,

నీ ఉత్తరం చేరింది. అక్షరాలు కాగితం అవతలి వైపుకి పొడుచుకొచ్చాయి. మీ బాబాయి దాన్ని చేత్తో నిమిరి, "దీన్ని చదవక్కర్లేదు, తడిమితే చాలు" అన్నాడు.

అవును, అది నా పేజీయే. నా ఒక్కదానిదీ కాదు, మా ఆఫీసు గదిలో ఆరుగురం ఉన్నాం. కానీ వేలితో గీయడం అన్నది నా మొండిపట్టు. మావాళ్ళు పెద్ద పెద్ద ప్రశ్నలు రాసి, కింద టిక్కులు పెట్టమందాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. మా అక్క ప్రశ్నలు చదవదు, చదివినా "మీ ఇష్టమండీ" అంటుంది, కానీ దారి ఎటమ్మా అంటే చెయ్యి చాపి చూపిస్తుంది అన్నాను. ఆ చాపిన చెయ్యి తెర మీదికి రావాలి, అంతే. దానికోసం నా కళ్ళజోడు నంబరు రెండుసార్లు మారింది.

మీ బాబాయిని పేజీ పరీక్షించమంటే మంచం దగ్గర్నుంచి వంటింటికి ఒక గీత, వంటింటి నుంచి మంచానికి ఇంకో గీత గీశాడు. కింద 'ఇక్కడ రద్దీ ఎక్కువ' అని రాశాడు.

గీతలతో ఏం చేస్తారన్నావు. అది ఇప్పుడు చెప్పలేను. గీతలన్నీ వచ్చాక మీ ఊరి ఆఫీసువాళ్ళు అందరికీ ఒకేసారి చెబుతారు. మా అక్క ఉన్న పేటకి నేను ముందే చెబితే, మీరు దాన్నిబట్టి గీస్తారు. మిగతా పేటలకి అది అన్యాయం. నన్ను అడక్కు.

ఒక్కటి మాత్రం నా కళ్ళారా చూస్తున్నాను. ఊరంతా గీతలతో అల్లుకుపోయింది, మీ పేట ఒక్కటే బోడిగుండులా ఉంది. నువ్వు అరిస్తే కదలని మనిషి ఉండడు కదా. ఆ గొంతుని ఒక్క ఆదివారం నా కోసం వాడు. కూర్చోబెట్టి గీయించు.

అక్క మోకాలికి పట్టీ పంపుతున్నాను. వేసుకోకుండా బీరువాలో దాస్తే నాకు చెప్పు.

నీ పిన్ని

*

ఫిబ్రవరి 27

పిన్నీ,

అర్థమైంది. నువ్వు చెప్పలేనిది కూడా అర్థమైంది. 'నన్ను అడక్కు' అన్నావు చూడు, అక్కడే నాకు వెలిగింది. ఆఫీసులో ఉన్నదానివి, అంతకన్నా ఏం చెప్పగలవు! నీ మీద అరిచినందుకు ఏమీ అనుకోకు. అనుకున్నా సరే.

ఆదివారం టీకొట్టు ముందు బెంచీ వేసుకుని కూర్చున్నాను. వచ్చినవాణ్ణి వచ్చినట్టు పట్టుకున్నాను. కిరాణా కొట్టాయన, "అమ్మాయ్, ఇందులో మా ఆవిడకి నేను ఎటు వెళ్తున్నానో కనిపిస్తుందా?" అన్నాడు. కనిపించదన్నాను. "అయితే ఆవిడ ఎటు వెళ్తోందో నాకు కనిపిస్తుందా?" అన్నాడు. దర్జీ వేలు లావు. గీత వీధిలోంచి కాకుండా పక్కింటి నట్టింట్లోంచి పోయింది. టీకొట్టామె, "అన్నయ్యా, గోడలు చూసుకుని నడు" అంది. బెంచీ మీద నవ్వని మనిషి లేడు.

ఎవరి వేలైనా అటూ ఇటూ పోబోతే నేనే పట్టుకుని సరిచేశాను. ప్రతి గీతా పద్ధతిగా వచ్చింది. అమ్మ గీత చూడు, ఇంటి ముందు నుంచి వంతెన మెట్లెక్కి, దిగి, పెద్ద రోడ్డు అంచునే ఆసుపత్రి గేటు దాకా. మొదటిరోజు బడికి పోయే పిల్లంత బుద్ధిగా! గీసేటప్పుడు నా మొహంలోకి ఒకసారి చూసింది. నేను తలూపాను. గీసేసింది.

మా పేటని ఇంక ఎవరూ వేలెత్తి చూపలేరు. నీకు మాట రాదు.

పట్టీ బీరువాలో ఉంది.

నీ నిప్పుకోడి

*

మార్చి 10

నా బంగారు నిప్పుకోడీ,

సోమవారం ఆఫీసుకి వచ్చి తెర తెరిచేసరికి మీ పేట కళకళలాడిపోతోంది! బోడిగుండు మీద ఒక్కరాత్రిలో జుట్టు మొలిచినట్టుంది. మా గదిలో అందర్నీ పిలిచి చూపించాను. "ఎవరు మేడమ్ గీయించింది?" అన్నారు. "మా అక్క కూతురు, వెల్డరు" అన్నాను. ఆ 'వెల్డరు' అన్నప్పుడు నా గొంతు ఎంత పైకి లేచిందో నువ్వు వినాల్సింది.

అన్నిటికన్నా అక్క గీత చూసి నా ప్రాణం కుదుటపడింది. మొత్తానికి ఆ ఊచల్లోంచి దూరడం మానేసిందన్నమాట! ఒకప్పుడు నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. మెట్లెక్కుతోందంటే మోకాలు నయమైనట్టే. పట్టీ పనిచేసినట్టుంది. నువ్వు బీరువా అని నన్ను ఉడికిస్తున్నావు, నాకు తెలుసు.

మీ ఊరి ఇంజనీరమ్మ గారు గీతల మీద కూర్చున్నారు. చాలా జాగ్రత్త మనిషి. ప్రతి పేటనీ విడిగా పెద్దది చేసి చూస్తారట.

మీ బాబాయి నిన్ను అడిగాడు. నీకు గ్రైండర్ ఇచ్చారా అని.

నీ పిన్ని

*

ఏప్రిల్ 9

పిన్నీ,

నీ పోయిన ఉత్తరం చదివి, ఎంత బాగా నటిస్తున్నావో అనుకున్నాను. ఊచల్లోంచి దూరడం మానేసిందట, ప్రాణం కుదుటపడిందట! ఉత్తరం ఎవరి కంటైనా పడుతుందని అలా రాశావనుకుని మనసులో నీకు దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ దణ్ణం వెనక్కి తీసుకుంటున్నాను.

నిన్న షాపుకి పెద్ద ఆర్డరు వచ్చింది. నడకదారికి రెండు వైపులా ఇనుప కంచె. మేస్త్రి ఎగిరి గంతేశాడు, డ్రాయింగు తెచ్చి గోడకి అంటించాడు. గేటు ఉన్నచోటల్లా నీలం గుర్తు పెట్టారు. పాలకేంద్రం దగ్గర ఉంది. బడి దగ్గర ఉంది. స్మశానానికి వెళ్ళే దారిలో కూడా ఉంది. మా పేట ఎదురుగా లేదు. ఊచ వంగిన చోట కంచె గోడలా సాగిపోయింది. అదే వంతెన మెట్ల దగ్గర చూడు, రాజుగారి కోటకి పెట్టినట్టు జంట గేటు! పక్కన బెంచీ! మంచినీళ్ళ కుళాయి! ఎవరి కోసం? అక్కడ కాకి కూడా వాలదు!

ఆ కంచె ఎవరు అతుకుతున్నారో తెలుసా? నేను. అమ్మ దారి మూసే ఊచలు నా చేతుల మీదుగా పోతున్నాయి. అతికిన ప్రతి ఊచకీ నిన్ను తలుచుకుంటున్నాను.

అమ్మకి చెప్పాను. మోకాలు నిమురుకుంటూ "కంచె ఎప్పుడు వస్తుంది?" అంది. వానలకి ముందే అన్నాను. "అయితే ఆ నెలతో మానేస్తానని సూపర్‌వైజర్‌తో చెబుతాలే" అంది. అంతే. ఏడిస్తే బాగుండేది.

ఊరంతటికీ గేట్లు పెట్టి మా ఒక్క పేటకే మూశారు. మేం ఏం తప్పు గీశాం? మీ కంప్యూటర్‌కి కళ్ళు లేవా? నువ్వు గొప్పగా చెప్పావే, చాపిన చెయ్యి తెర మీదికి రావాలని. వచ్చిన చేతుల్ని విరగ్గొట్టడానికా?

దీనికి జవాబు రాయకపోయినా ఫర్వాలేదు.

*

ఏప్రిల్ 13

అక్క కూతురికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, తెర ముందు కూర్చుని మీ పేట గీతలన్నీ ఒక్కొక్కటే మళ్ళీ చూశాను.

గీతలతో ఏం చేస్తారో ఇప్పుడు ఊరందరికీ చెప్పేశారు కాబట్టి నీకూ చెప్పొచ్చు. జనం ఎక్కడ దాటుతున్నామని గీశారో అక్కడ గేటు. అంతే దాని పని. మరో రహస్యం లేదు. మీ పేట నుంచి వచ్చిన గీతల్లో ప్రతి ఒక్కటీ వంతెన మీంచే పోయింది. ఊచ వైపు ఒక్కటంటే ఒక్కటి కూడా వంగలేదు. అంతమంది రోజూ మెట్లెక్కి దిగుతున్నారా అని ఇంజనీరమ్మే నొచ్చుకుని అక్కడ జంట గేటు, బెంచీ, కుళాయి వేయించారు. రాజుగారికి కాదే, మీకే.

నాకూ అనుమానం రాలేదని కాదు. కుంటుకుంటూ నడిచే పాలాయన కూడా వంతెనే ఎక్కుతున్నాడా అనుకున్నాను. కానీ జనాన్ని అడిగి, వాళ్ళు చెప్పాక, "కాదు, మీరు అబద్ధం చెబుతున్నారు, మీ దారి నాకు తెలుసు" అని నేను దిద్దితే, ఇక ఆ పేజీ ఎందుకు? పాతరోజుల్లో లాగా మేమే గదిలో కూర్చుని గీసుకోవచ్చు కదా. మీరు చెప్పింది నేను నమ్మాను. అక్క చెప్పింది నమ్మాను. నమ్మి సంతోషించాను.

ఇప్పుడు నిజం రాయి. అక్క ఏ దారిన వెళ్తోంది? ఆ గీతలు ఎందుకలా వచ్చాయి?

నువ్వు అడగకముందే చెబుతున్నాను. నా చేత్తో ఒక గేటు అక్కడ పెట్టగలను. మౌసు ఒక్కసారి నొక్కితే చాలు. పెట్టను. ఇవాళ నేను మా అక్కకి పెడితే రేపు ఇంకెవడో వాడి బావమరిది కొట్టు ముందు పెడతాడు. కంచెకి ఆర్డరు ఇచ్చారు గానీ, గేట్ల డ్రాయింగు ఇంకా చిత్తుప్రతే. ఈ నెలాఖరు దాకా అభ్యంతరాలు తీసుకుంటారు. పేజీ మళ్ళీ తెరిచే ఉంది. కొత్త గీతలు గీయొచ్చు. నెలాఖరున మీ బడి హాల్లో అందరి ముందూ తెర మీద వేసి చూపిస్తారు.

మీరు గీస్తే ఉంటుంది. గీయకపోతే నేను ఏడవగలను, అంతే.

పిన్ని

*

మే 2

పిన్నీ,

ఇది పెద్ద ఉత్తరం. నీళ్ళు తాగి కూర్చో.

నిజం నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. వంతెన గీతలన్నీ నేను గీయించినవే. బోర్డు మీద జరిమానా అని ఉంది, నువ్వేమో అడక్కు అన్నావు. జరిమానాకే గీతలు అడుగుతున్నారని, నువ్వు చెప్పలేక చెబుతున్నావని అనుకున్నాను. ఊచ వైపు పోబోయిన ప్రతి వేలినీ లాగి వంతెన ఎక్కించాను. అమ్మ గీసేటప్పుడు నా మొహంలోకి చూసిందని రాశాను కదా. ఆ చూపు అదే.

నీ ఉత్తరం వచ్చిన రోజే టీకొట్టు దగ్గర అందరికీ చెప్పాను. విన్నారనుకున్నావా? దర్జీ, "మొన్న వంతెన అన్నావు, ఇవాళ ఊచ అంటున్నావు, రేపు ఆకాశమార్గం అంటావా?" అన్నాడు. పాలాయన ఇంకా నయం, నెమ్మదిగానే అన్నాడు: "ఒకసారి వాడు పట్టుకుంటే కట్టాను తల్లీ. రెండోసారి నా వేలితో నేనే రాసిచ్చి కట్టాలా?" నేను అరిచాను. ఎంత అరిస్తే అంత వెనక్కి జరిగారు. నా గొంతు అన్నిటికీ పనికి రాదని అప్పుడు తెలిసింది. తెలిసినా అరిచాను.

అప్పుడు అమ్మ డ్యూటీ నుంచి వస్తోంది. ఊచలోంచి దూరి, నడుం పట్టుకుని, అందరి ఎదురుగా. మా గోల కాసేపు వింది. టీకొట్టామె కళ్ళజోడు అడిగి పెట్టుకుని, "ఆ ఫోన్ ఇటియ్యి" అంది. బెంచీ మీద కూర్చుని, మా గుమ్మం దగ్గర వేలు పెట్టి, పట్టాలకి అడ్డంగా నేరుగా ఆసుపత్రి వెనక తలుపు దాకా లాగింది. ఎక్కడా ఎత్తలేదు.

"పేరు పెట్టు" అంది.

"పేరు అక్కర్లేదమ్మా, పెట్టకపోయినా తీసుకుంటుంది."

"పెట్టమన్నానా. ఇంటిపేరుతో సహా."

"జరిమానా వేస్తే?" అన్నాడు పాలాయన.

"వేస్తే కడతా. ఉద్యోగం పోతే అదీ కట్టలేను" అంది అమ్మ.

పాలాయన కాసేపు తల గోక్కుని, "వదినె పక్కన నా పేరు కూడా రాయి" అన్నాడు. ఇక వరస కట్టారు. దర్జీ ఈసారీ పక్కింట్లోంచే పోయాడు.

ఇప్పుడు హాలు సంగతి. నేను పోట్లాటకే వెళ్ళాను. రాత్రి నుంచి మాటలు నూరుకుంటూనే ఉన్నాను. వేదిక మీద ఇంజనీరమ్మ, గోడ మీద తెల్లటి తెర. ఆమె ఊరి మ్యాపు వేసి, మొదట మా పేట కాదు, ఊరంతా చూపించింది.

పిన్నీ, నా నోరు అక్కడే పడిపోయింది.

ఆ గీతలు నువ్వు రోజూ చూస్తావు కాబట్టి నీకు మామూలే. నేను అంతవరకూ మా పేటలో గీసినవే చూశాను. ఊరంతా నడుస్తోంది ఆ తెర మీద! ఒక గీత ముట్టుకుంటే గీసినవాళ్ళ మాట వస్తోంది. 'ఎండలో ఈ గోడ నీడనే పోతాను' అని ఒకాయన, గీత ఆ గోడ వారగానే వంకర తిరిగింది. ఎవరో చిన్నపిల్ల, 'ఈ వీధిలో కుక్కలు' అని రాసి ఆ వీధిని చుట్టేసి పోయింది. చక్రాల కుర్చీలో వెళ్ళే ఒకామె గీత, అడ్డంగా మెట్టు వచ్చిన ప్రతిచోటా వెనక్కి తిరిగి వచ్చింది. నేను పుట్టి పెరిగిన ఊరే. ఆ మెట్లు నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ మైకు ముందుకి వచ్చి గొంతు చించుకోలేదు. వేలితో ఒక గీత, కింద ఒక ముక్క, అంతే. నేను పదేళ్ళు అరిచినా చెప్పలేనంత చెప్పారు.

తర్వాత మా పేట వేసింది. నేను గీయించిన పాత గీతలు తుడిచేసి ఉంటారనుకున్నాను. తుడవలేదు. బూడిదరంగులో వంతెన మీద అలాగే ఉన్నాయి. కొత్తవి ఎర్రగా, తాడు పేనినట్టు ఒక్కచోటికి వచ్చి, సూది బెజ్జంలోంచి దూరినట్టు దూరి, అవతల మళ్ళీ విడిపోయాయి.

ఇంజనీరమ్మ కర్రతో ఆ చోటు చూపించి, "ఇక్కడ ఏముంది?" అంది. అందరూ కాళ్ళవైపు చూసుకుంటున్నారు.

అమ్మ లేచింది. "బొక్క ఉందండి" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంజనీరమ్మ నవ్వలేదు. "ఎంత వెడల్పు?" అంది.

"మనిషి పట్టేంత. సంచీ ముందు తోసి, తర్వాత మనం దూరాలండి."

"మరి ఈ బూడిద గీతలు? మొదట అందరూ వంతెన అన్నారే?"

అప్పుడు నేను లేచాను. "నేను గీయించానండి. అక్కడి బోర్డు మీరు చదివారా? మీరు చదివి ఉంటే మీరూ వంతెనే ఎక్కేవారు" అన్నాను. గట్టిగానే అన్నాను. మేస్త్రి నా చొక్కా అంచు పట్టుకుని లాగుతున్నాడు.

ఆమె చాలాసేపు బూడిద గీతల్నీ ఎర్ర గీతల్నీ మార్చి మార్చి చూసింది. "చదవలేదు. రేపు పొద్దున వస్తాను, చదువుతాను" అంది. వచ్చింది పిన్నీ. ఒక్కతే వచ్చింది. బోర్డు చదివి, ఊచ దగ్గరికి వెళ్ళి, తల వంచి దూరింది. అటునుంచి తిరిగి ఇటు దూరింది. భుజానికి తుప్పు అంటుకుంటే దులుపుకుంటూ వెళ్ళిపోయింది. ఏమీ చెప్పలేదు.

అందుకే గేటు వస్తుందో రాదో తెలియకుండానే ఇది రాస్తున్నాను. రాకపోతే మళ్ళీ తిడతాను. కానీ నీ పేజీని కాదు. చాపిన చెయ్యి అన్నావు కదా. అమ్మ చెయ్యి ఆ తెర మీద ఉంది, పేరుతో సహా. నేను చూశాను. దాన్ని అక్కడిదాకా తెచ్చింది నువ్వు.

నీ నిప్పుకోడి

*

మే 21

నిప్పుకోడీ,

నిప్పుకోడి తల ఇసుకలో దాచుకుంటుందంటారు. నువ్వు నీది ఒక్కటే కాక పేట తలలన్నీ దాచేశావు. మళ్ళీ నువ్వే తవ్వి తీశావు కాబట్టి ఊరుకుంటున్నాను.

నీ ఉత్తరం మా గదిలో గట్టిగా చదివాను. 'సంచీ ముందు తోసి' అన్నచోట మళ్ళీ చదవమన్నారు. మరునాడే పేజీ మార్చాం. ఇప్పుడు మ్యాపు తెరుచుకోకముందే రెండు వాక్యాలు వస్తాయి. 'మీరు దాటే చోట దారి ఉంచడానికే ఈ గీతలు. ఏ గీతకీ జరిమానా లేదు.' ఏ ఊరి ఆఫీసువాళ్ళయినా ఈ రెంటికీ సంతకం పెట్టి ఒప్పుకుంటేనే పేజీ ఇస్తున్నాం. మొదటి వాక్యం అందరికీ ముందే చెప్పేస్తే ఎవరికీ అన్యాయం ఉండదని ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు చూడు. 'నన్ను అడక్కు' అని రాసిన దాన్ని కదా.

ఇక నీ గేటు. చిత్తుప్రతి మారింది. ఊచ వంగిన చోటనే పెట్టారు, పక్కకి ఒక్క అడుగు కూడా జరపలేదు. కొత్త డ్రాయింగు మీ షాపుకే వస్తుంది. నేను ముట్టుకోలేదు, నీ మీదొట్టు. అది అక్క వేలు పెట్టించిన గేటు.

మీ బాబాయి ఇవాళ వంటింటి గీతని తుడిచేయమన్నాడు. డాక్టరు తీపి తగ్గించమన్నాడట. తుడవడం మా పద్ధతి కాదు, బూడిదరంగు వేస్తానన్నాను.

నీ పిన్ని

*

ఆగస్టు 3

పిన్నీ,

గేటు అతికాను. నేనే. మేస్త్రి కొత్త గ్రైండర్ ఇచ్చాడు, అడక్కుండానే. ఇచ్చి, నా పక్కనే నిలబడి ప్రతి అతుకూ తప్పు పట్టాడు. నేను మాటకి మాట అప్పజెప్పాను. ఇద్దరం సంతోషంగా పనిచేశాం.

డ్రాయింగులో గొళ్ళెం లేదు. "ఇదేంటి, తాళం ఎక్కడ వేస్తారు?" అన్నాడాయన. పేజీలో చూపించాను. 'రాత్రి డ్యూటీ వాళ్ళం కూడా ఇటే వస్తాం, తాళం వద్దు' అని ఆసుపత్రివాళ్ళు రాశారు, దాని కింద పేటంతా మద్దతు నొక్కింది. ఇంజనీరమ్మ గొళ్ళెం కొట్టేసింది. వెడల్పు కూడా చక్రాల కుర్చీ పట్టేంత పెట్టారు. హాల్లో ఆ గీత చూశాను కాబట్టి గడప పట్టీని నేలకి సమంగా వచ్చేదాకా అరగదీశాను. ఆవిడ ఎప్పుడైనా ఇటు వస్తే వెనక్కి తిరగక్కర్లేదు.

వంగిన ఊచని నేనే కోశాను. ఎన్ని భుజాలు రాసుకున్నాయో, మధ్యలో అద్దంలా నున్నగా అయిపోయింది. జరిమానా బోర్డు నేను అడిగి తెచ్చుకున్నాను. షాపులో నిప్పురవ్వలకి అడ్డం పెడుతున్నాం. తుప్పు గీకితే మంచి రేకు.

వంతెన దగ్గర జంట గేటూ బెంచీ కూడా ఉంచేశారు. దర్జీ రోజూ సాయంత్రం పనిగట్టుకుని వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చుంటున్నాడు. "మనం అబద్ధమాడినా ఇంత బాగా నమ్మారు, కూర్చోకపోతే మర్యాదగా ఉండదు" అంటాడు.

అమ్మ ఉద్యోగం మానలేదు. మానేస్తానని సూపర్‌వైజర్‌తో అసలు చెప్పనే లేదట.

గేటు తెరిచిన మొదటి పొద్దున నేను కూడా వెళ్ళాను. అమ్మ సంచీ భుజాన వేసుకుని వచ్చింది. గేటు దగ్గర ఆగింది. సంచీ తీసి ముందుకి చాపింది, తల వంచింది, భుజం పక్కకి తిప్పింది, అలా ఒంగుకుంటూ అంత వెడల్పు గేటులోంచి దూరి వెళ్ళింది.

"అమ్మా, పైన ఏమీ లేదే!" అని అరిచాను.

"తెలుసులేవే" అంది వెనక్కి తిరక్కుండానే.

ఇవాళ కూడా వంచింది. నేను టీ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. టీ చల్లారేలోపు ఆసుపత్రి వెనక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నువ్వు ఎప్పుడొస్తావు? నువ్వు తల వంచుతావో లేదో చూడాలి. చీర మాత్రం చిరగదు, అతుకులు నావి.

నీ నిప్పుకోడి